బ్రేకు తొక్కే నాన్న

సిటీ బస్సు నడిపే ఆ డ్రైవరు సొంత కూతురి చేతిలో వరసగా పదకొండు ఆదివారాలు ఓడిపోయాడు. ఓడిపోవడమంటే వెంట్రుకవాసిలో కాదు. ఎనిమిది కార్లు పరిగెత్తే పందెంలో ఎనిమిదోవాడిగా. మిగిలిన ఏడు కార్లూ గీత దాటేసి, గెలిచిన కారు మీద రంగుకాగితాలు రాలి, జెండాలు ఊపడం కూడా అయిపోయాక, అతని కారు ఒక్కటీ ఇంకా కొండదారిలో ఎడమపక్కకి ఒదిగి, లోపల చంటిపిల్ల నిద్ర లేస్తుందేమో అన్నంత మెల్లగా వస్తూ ఉండేది.

"నాన్నా, బ్రేకు ఎందుకు తొక్కుతున్నావ్?"

"మలుపు కదమ్మా."

"మలుపైతే?"

"అవతల ఎవరైనా ఉంటే?"

"ఎవరుంటారు నాన్నా! ఇది బొమ్మ!"

అవతల ఎవరూ ఉండరని అతని బుర్రకి తెలుసు. కాలికే తెలియదు. ఇరవై రెండేళ్ళుగా ఆ కాలు మలుపు కనబడితే చాలు, బుర్రని అడక్కుండానే బ్రేకు మీదికి వెళ్ళిపోతుంది. నిండు చూలాళ్ళు, గుడ్ల అట్టలు పట్టుకున్నవాళ్ళు, పైన కడ్డీ అందని పొట్టివాళ్ళు, నిలబడే కునుకు తీసే నర్సులు, ఇంతమందిని ఒలక్కుండా దింపిన కాలు అది. దానికి ఇప్పుడు కొత్తగా బుద్ధులు చెబితే వింటుందా?

ఆ ఆటల హాలు ఒక పెద్ద బజారు భవనం మూడో అంతస్తులో, చెప్పుల దుకాణానికీ కళ్ళజోళ్ళ దుకాణానికీ మధ్య ఉంటుంది. తండ్రీకూతుళ్ళు అక్కడికి చేరడం వాన పుణ్యం. కోర్టువారు ఆదివారం నాలుగు నుంచి ఆరు వరకు, నలుగురూ తిరిగే చోట, కూతుర్ని చూడవచ్చునన్నారు. మొదట్లో పార్కు బల్లమీద కూర్చునేవారు. "స్కూలు ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనేది. "అన్నం తిన్నావా?" అంటే "తిన్నా" అనేది. ఆ రెండు ప్రశ్నలూ అయిపోతే ఇంకా గంటా యాభై ఐదు నిమిషాలు మిగిలేవి. ఇద్దరూ కలిసి ఒక పావురాన్ని చూసేవారు. పావురం ఎగిరిపోయేది.

ఆ పిల్లని చిన్నప్పుడు అతను గిలక్కాయ అని పిలిచేవాడు. నోరు మూతపడేది కాదు మరి. పాల సీసా నోట్లో ఉన్నా పక్కనుంచి మాట్లాడేది. అటువంటి గిలక్కాయ తల్లీతండ్రీ విడిపోయిన ఏడాదిన్నరలో లోపలి గుండు జారిపోయినట్టు చప్పుడు లేకుండా అయిపోయింది. తల్లి ఒక మందుల కంపెనీ పరీక్షశాలలో పనిచేస్తుంది. చెడ్డమనిషి కాదు. ఆమాటకొస్తే అతనూ చెడ్డవాడు కాదు. ఇద్దరు మంచివాళ్ళు ఒక ఇంట్లో ఉండలేకపోవడం ఎలా ఉంటుందో పెద్దవాళ్ళకే అర్థం కాదు, పిల్లకేం అర్థమవుతుంది?

ఒక ఆదివారం కుంభవృష్టి. పార్కులోంచి పరిగెత్తి ఆ భవనంలో దూరారు, తడి బట్టలతో మూడో అంతస్తుకి ఎక్కారు. అక్కడ జంట సీట్ల పందెం మెషిన్ కనబడింది. పక్కపక్కన రెండు సీట్లు, రెండు స్టీరింగులు, ఎదురుగా రెండు తెరలు. పిల్ల కుడివైపు సీట్లో కూర్చుంది, అతను ఎడమవైపు. మొదటి మలుపులోనే అతను బ్రేకు తొక్కాడు. పిల్ల తలతిప్పి చూసి, "నాన్నా!" అని ఒక్క అరుపు అరిచి, కడుపు పట్టుకుని నవ్వింది. ఏడాదిన్నర తర్వాత అతను విన్న మొదటి నవ్వు అది.

ఆనాటి నుంచి గిలక్కాయకి గుండు తిరిగి దొరికినట్టే అయింది. "తొక్కు, తొక్కు, తొక్కు! అయ్యో, కాలు తియ్యి! అటు కాదు, సముద్రంలోకి పోతున్నావ్! నాన్నా, ఇండికేటర్ కోసం వెతుకుతున్నావా?" నిజంగానే వెతుకుతున్నాడు. ఆట మధ్యలో దానితోపాటు స్కూలు కబుర్లు కూడా దొర్లేవి. సైన్సు టీచరుకి తుమ్ము వస్తే పదమూడుసార్లు తుమ్ముతుందని, వెనకబెంచీ పిల్ల తన జడకి పెన్ను గుచ్చిందని, అమ్మ కొత్త కళ్ళజోడులో గుడ్లగూబలా ఉందని. తెర మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పేది. ముఖాముఖీ కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన కూర్చుంటే వచ్చాయి. అతను వింటూ వింటూ ఎనిమిదోవాడిగా వచ్చేవాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ పన్నెండో ఆదివారం దాని క్లాసు పిల్లలు ఇద్దరు హాల్లో ఎదురయ్యారు. "వీళ్ళతో ఒక్క ఆట ఆడనా?" అంది. ఆ ఒక్క ఆట నలభై నిమిషాలు సాగింది. అతను దాని సంచీ, నీళ్ళ సీసా పట్టుకుని వెనక నిలబడ్డాడు. ముగ్గురూ సీట్లు మార్చుకుంటూ, ఒకరినొకరు గుద్దుకుంటూ, కేరింతలు కొట్టారు. వాళ్ళు వెళ్ళిపోయాక పిల్ల ఆయాసపడుతూ, "వాళ్ళు భలే గట్టిగా ఆడతారు నాన్నా. నీతో ఆడితే ఒక్కదాన్నే ఆడినట్టుంటుంది" అంది.

నవ్వుతూనే అంది. అందులో ఏ కల్మషమూ లేదు. కానీ ఆ మాట చేపముల్లులా అతని గొంతులో అడ్డంపడింది. వారమంతా ఏ స్టాపులో బండి ఆపినా అదే మాట. ఈ పిల్లకి నాతో విసుగు పుడుతుంది, విసుగు పుట్టాక రానంటుంది, రానంటే కోర్టు కాగితం నన్నేం రక్షిస్తుంది, అనుకున్నాడు. మనిషికి భయం పుడితే ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది. అతను చెయ్యగలిగింది ఇదొక్కటే కనిపించింది.

అతని డ్యూటీ తెల్లవారి నాలుగున్నరకి మొదలై మధ్యాహ్నం ఒంటిగంటకి ముగుస్తుంది. మంగళవారం బండి డిపోలో అప్పగించి, ఖాకీ చొక్కా మార్చుకుని, మూడింటికి ఆటల హాలుకి వెళ్ళాడు. పనిదినం కావడంతో హాలు బోసిగా ఉంది. మెషిన్లన్నీ ఎవరూ లేకుండానే పాటలు పాడుకుంటున్నాయి. జంట సీట్ల మెషిన్ వెనక రేకు ఊడదీసి, సగం ఒళ్ళు అందులో దూర్చి ఒక ఆడమనిషి పనిచేస్తోంది. ఏభై ఐదేళ్ళుంటాయి. నడుముకి స్క్రూడ్రైవర్ల సంచీ, నెత్తిమీద కళ్ళజోడు. అక్కడి మెషిన్లన్నిటికీ ఆవిడే వైద్యురాలు. మేనేజరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ అక్కయ్య అనే పిలుస్తారు.

"ఆదివారం మనిషి కదూ మీరు?" అంది ఆవిడ బయటికి వచ్చి. "ఈ ఎడమ సీటు బ్రేకు పెడల్ ఎవరు అరగదీస్తున్నారా అని నేను బుర్రబద్దలు కొట్టుకుంటున్నాను. ఎనిమిదేళ్ళుగా ఈ మెషిన్ చూస్తున్నా. యాక్సిలరేటర్ స్ప్రింగు పోవడం చూశాగానీ బ్రేకు స్ప్రింగు పోవడం ఇదే చూడ్డం."

అతను సిగ్గుపడ్డాడు. బస్సు డ్రైవర్నన్నాడు.

"అదే మీకొచ్చిన తంటా. నడపడం తెలిసినవాళ్ళకి ఇది రాదు. కూర్చోండి, చూద్దాం."

అక్కయ్య చదువు చెప్పే పద్ధతి వేరు. సీటు వెనక నిలబడి, స్క్రూడ్రైవరుతో అతని భుజం మీద తట్టేది. "బ్రేకు అనేది అలంకారానికి పెట్టారనుకోండి. మలుపు ఇంకా కాస్త దూరం ఉందనగా యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్క క్షణం ఎత్తండి. స్టీరింగు గట్టిగా ఒక్క పక్కకి తిప్పి కొయ్యండి. మళ్ళీ తొక్కండి. బండి తోక జారుతుంది. జారనివ్వండి. భయపడి సరిచేశారో, గోడే."

గోడే అయింది. కారు గోడకి గుద్దుకోగానే అతను "అయ్యో" అని స్టీరింగు వదిలేసి, ఎవరికి తగిలిందోనని చుట్టూ చూశాడు. అక్కయ్య కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వింది. అతనికి గుద్దుకోవడం అలవాటు కావడానికే రెండు వారాలు పట్టింది.

"మీ కారుని చూస్తారేంటి? అదెక్కడికీ పారిపోదు. రోడ్డు ఎక్కడ కనుమరుగవుతోందో అక్కడ చూడండి" అనేది. "ముందు కారు తోకకి అంటుకుపోండి. దాని చాటున గాలి తగలదు, వేగం దానంతటదే పెరుగుతుంది. పెరిగాక పక్కకి తప్పుకుని దాటెయ్యండి."

"అంత దగ్గరగా వెళ్తే మాకు మెమో ఇస్తారక్కయ్యా."

"ఇక్కడ నేనే ఇస్తాను, వెళ్ళకపోతే."

మంగళవారం, గురువారం. మంగళవారం, గురువారం. చదువుకునే పిల్లాడిలా తప్పకుండా వెళ్ళాడు. మూడోవారానికి ఏడోవాడయ్యాడు. సముద్రపు దారిలో పద్నాలుగు మలుపులని కంఠస్థం చేశాడు. తెల్లవారుజామున బస్సు గేరు మార్చేటప్పుడు పెదాలు కదిలించుకుంటూ ఉంటే, కండక్టరు "ఏం గురూ, మంత్రం చదువుతున్నావా?" అనేవాడు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గాలిలో స్టీరింగు కోస్తుంటే చూసి, "బాబ్బాబు, ఆ కోత ఏదో నేను దిగాక కొయ్యి" అని దండం పెట్టాడు. భయపడాల్సిన పనిలేదు. బస్సెక్కితే అతని కాలు మళ్ళీ పాత కాలే. హాలు కాలు వేరు, డిపో కాలు వేరు. ఒకే మనిషికి రెండు కాళ్ళూ రెండు రకాలుగా ఉండటం అతనికే వింతగా ఉండేది.

ఆదివారాలు మాత్రం నేర్చింది దాచిపెట్టి పాత పద్ధతిలోనే ఆడాడు. పూర్తిగా వచ్చాక ఒక్కసారిగా చూపించి దాన్ని అబ్బురపరచాలని ఆశ. లోపల ఒక చిన్న సంతోషం కూడా పెరుగుతూ వచ్చింది, దాన్ని అతను ఎవరికీ చెప్పలేదు. గడిచిన రెండేళ్ళలో తన బతుకులో ఏదైనా మెరుగైందీ అంటే ఇదొక్కటే.

పదివారాలకి అక్కయ్యే కుడి సీట్లో కూర్చుని పోటీకి దిగింది. కొండదారిలో ఆవిడని కారు పొడవు తేడాతో దాటాడు. "ఇంక నా దగ్గర నేర్చుకునేదేం లేదు తమ్ముడూ" అంది ఆవిడ. అంతవరకు "డ్రైవర్‌గారూ" అనేది, ఆ రోజునుంచి తమ్ముడయ్యాడు.

ఆ ఆదివారం పిల్ల ఎప్పటిలాగే కుడి సీట్లో చతికిలబడి, "నాన్నా, ఈసారి కనీసం ఆరోవాడిగా రా. నేను చెప్తూ ఉంటా" అంది. దీపాలు ఎర్రవి వెలిగి, పచ్చగా మారాయి. అతను వెళ్ళిపోయాడు. మొదటి మలుపులో కారు తోక జారింది, జారనిచ్చాడు. రెండో మలుపుకి ముందున్న ఎర్రకారు చాటుకి చేరి, తప్పుకుని దాటేశాడు. పక్కసీటు నుంచి "తొక్కు, తొక్కు" అని మొదలైన గొంతు, మూడో మలుపు దగ్గర ఆగిపోయింది. అతనికి అది వినబడలేదు. రోడ్డు కనుమరుగయ్యే చోటే చూస్తున్నాడు. మొదటివాడిగా గీత దాటి, రంగుకాగితాలు తన కారు మీద రాలుతుంటే, వెలిగిపోతున్న ముఖంతో పక్కకి తిరిగాడు.

పిల్ల తెరవంకే చూస్తోంది. తను రెండోదిగా వచ్చింది.

"సీటు మారదాం" అంది.

మారారు. మళ్ళీ అతనే గెలిచాడు. గెలవకుండా ఉండాలన్న ఊహ ఆ క్షణాన రాలేదు. పదివారాలు బిగబట్టిన సంబరం మరి.

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

"ఇక్కడే అమ్మా. మంగళవారం, గురువారం వస్తున్నా. అక్కయ్య నేర్పింది."

"నేను లేకుండానా?"

"నీకోసమే..."

"నేను నేర్పుతున్నాగా!" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. "నేను నేర్పుతుంటే రానట్టు చేశావ్. నీకు వచ్చు. వచ్చి కూడా."

మిగిలిన గంటా ఇద్దరూ మెషిన్ల మధ్య తిరిగారు. అతను ఏదడిగినా "ఊఁ" అంది. గిలక్కాయలోంచి గుండు మళ్ళీ ఎక్కడో జారిపడింది, జార్చింది తన చెయ్యేనని అతనికి మెల్లగా తెలిసింది. ఆ పిల్లకి ఇంట్లో చెప్పే హక్కు దేనిమీదా లేదు. ఏ ఊళ్ళో ఉండాలో, ఏ ఇంట్లో పడుకోవాలో, నాన్నని ఎన్ని గంటలు చూడాలో అన్నీ పెద్దవాళ్ళే తేల్చారు. వారానికి రెండు గంటలు, ఒక్క తండ్రికి, "తొక్కు, ఎత్తు, అటు కాదు ఇటు" అని చెప్పే హక్కు దానికి ఎలాగో దొరికింది. తను పోయి దాన్ని లాగేసుకున్నాడు.

తరువాతి ఆదివారం అతను తనకి తోచిన మందు వేశాడు. మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి పిల్ల ఆటమధ్యలో స్టీరింగు వదిలేసింది. దాని కారు వెళ్ళి గోడకి కొట్టుకుని అక్కడే గిరగిరా తిరిగింది.

"కావాలని తొక్కుతున్నావ్."

"లేదమ్మా, కాలు..."

"నాకు తెలీదనుకున్నావా? నువ్వు నిజంగా తొక్కినప్పుడు ముఖం వేరేగా ఉంటుంది. అందరూ ఇంతే. నాకు తెలీకుండా అన్నీ చేసుకుంటారు, తర్వాత నవ్వుతూ చెప్తారు. నువ్వూ అంతే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గెలిస్తే ఒక తప్పు, ఓడితే ఇంకో తప్పు. గురువారం నాడు అక్కయ్య దగ్గర కూర్చుని మొత్తం చెప్పుకున్నాడు. ఆవిడ ఒక పెడల్‌ని గుడ్డతో తుడుస్తూ అంతా విని, తుడిచిన పెడల్‌నే మళ్ళీ తుడిచింది.

"తప్పు నాది కూడా ఉంది తమ్ముడూ. ఎందుకు నేర్చుకుంటున్నావని నేను అడగలేదు" అంది చివరికి. "వచ్చిన విద్య పోగొట్టడం ఎలాగో నాకు తెలీదు. నేర్పడం వరకే నా చేతనైంది."

ఇది ఇలా ఉండగానే లాయరు ఫోను చేశాడు. పిల్ల తల్లికి బదిలీ అయింది. రైల్లో పగలంతా పట్టే ఊరు. పిల్లని తీసుకెళ్ళడానికి అభ్యంతరం లేదని అతని సంతకం కావాలి. ఆదివారాల బదులు ఏడాదికి రెండు సెలవుల్లో పదేసి రోజులు, మధ్యలో ఫోను.

"పెట్టనంటే?" అన్నాడు డ్రైవరు.

"పెట్టకపోవచ్చు. వాదిద్దాం. కానీ ఒకటి చెప్తా వినండి. పిల్లకి పన్నెండు నిండాయి కాబట్టి జడ్జిగారు లోపల గదిలోకి పిలిచి, అమ్మ కావాలా నాన్న కావాలా అని అడుగుతారు. అది ఒక్కసారితో అవదు. ఆర్నెల్లు ఈడుస్తుంది. తెల్లారి నాలుగున్నరకి డ్యూటీ ఎక్కే ఒంటరివాడికి పిల్లని ఎవరూ ఇవ్వరండీ. ఓడిపోయే కేసు. ఓడిపోయేలోగా పిల్ల నలిగిపోతుంది."

మూడురోజులు సంతకం పెట్టకుండా కాగితం జేబులో పెట్టుకు తిరిగాడు. చొక్కా చెమటకి అది మడతల దగ్గర చివికింది. నాలుగోరోజు పెట్టేశాడు. ఆ సాయంత్రం పిల్ల తల్లి ఫోను చేసింది. విడిపోయాక ఆమెని "నువ్వు" అనాలో "మీరు" అనాలో తేలక, అతను రెండూ లేకుండా మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు.

"పరీక్షలయ్యేదాకా దానికి చెప్పొద్దండీ. నేనే చెప్తాను" అందామె. "మీరు సంతకం పెట్టినందుకు..." అని ఆగిపోయింది.

"దానికి ముందే చెప్తే మంచిదేమో. చెప్పకపోతే కోపం వస్తుంది" అన్నాడు.

"పరీక్షలు పాడవుతాయి."

అదీ నిజమే. అతను "సరే, అలాగే చెయ్యొచ్చు" అన్నాడు.

అలా రెండు ఆదివారాలు, "నాకు తెలీకుండా అన్నీ చేసుకుంటారు" అన్న పిల్ల పక్కనే, పొట్టలో అంత రహస్యం పెట్టుకుని కూర్చున్నాడు. పందెం మెషిన్ జోలికి పోలేదు. బంతులు బుట్టలో వేసే ఆట ఆడారు, గాజుపెట్టెలోంచి బొమ్మని ఎత్తే కొక్కెం ఆట ఆడారు. ఎత్తిన బొమ్మ ఎత్తినట్టే జారిపోయేది. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. మింగలేడు, కక్కలేడు. "ఏంటి నాన్నా అలా చూస్తున్నావ్?" అని అడిగితే, "ఎదిగావు" అన్నాడు.

పరీక్షలయ్యాయి, ఆఖరి ఆదివారం వచ్చింది. పిల్ల హాలు గుమ్మంలోంచి నడిచివచ్చిన తీరులోనే అతనికి అర్థమైంది, చెప్పేశారు. సరాసరి జంట సీట్ల దగ్గరికి వెళ్ళి కుడివైపు కూర్చుంది. ఆట మొదలుపెట్టే కార్డు గీకలేదు. అతను ఎడమవైపు కూర్చున్నాడు. నల్లటి తెరల్లో ఇద్దరి ముఖాలూ మసకగా కనబడుతున్నాయి.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మూడు వారాలు దాటింది."

"సంతకం పెట్టావంట."

"పెట్టానమ్మా."

"ఎందుకు?"

దారిలో వస్తూ వంద జవాబులు తయారుచేసుకున్నాడు. సగం జవాబుల్లో తప్పు వాళ్ళమ్మ మీదకి పోతుంది. మిగతా సగంలో తను మంచివాడైపోతాడు. రెండూ వద్దనుకున్నాడు.

"వద్దంటే నిన్ను జడ్జిగారి గదిలో కూర్చోబెట్టి అడిగేవాళ్ళు. ఎవరు కావాలని."

"అడిగితే చెప్పేదాన్నిగా."

అతను దానివైపు తిరిగాడు. "ఏం చెప్పేదానివి?"

పిల్ల స్టీరింగు మీద ఊడిపోతున్న తోలు అంచుని గోటితో గీకుతూ ఉండిపోయింది. చెప్పలేదు. అతను రెండోసారి అడగలేకపోయాడు. అడిగి, ఏ జవాబు వచ్చినా, దాంతో ఇప్పుడు చేసేదేముంది?

ఐదూ ముప్ఫైఐదు అయ్యాక, "ఒక్కటి ఆడదాం" అంది. "నిజంగా ఆడు. దొంగాట ఆడకు. ఒట్టెయ్యి."

"ఒట్టు."

కొండదారి ఎంచుకుంది. మొదటి చుట్టులో అతను ముందు, రెండో చుట్టులో పిల్ల ముందు. అది తన మలుపులని తన పద్ధతిలో కోస్తోంది, అక్కయ్య చెప్పిన దానికి విరుద్ధంగా, లోపలి అంచుని రాసుకుంటూ. మూడో చుట్టులో అతను దాని చాటుకి చేరాడు. ఒట్టేశాడు కాబట్టి ఉన్నదంతా పెట్టాడు. నుదుటి చెమట కంట్లోకి దిగింది. చివరి మలుపు ముందు పక్కకి తప్పుకున్నాడు, కాలు ఎత్తాడు, కోశాడు. తోక జారింది. అనుకున్నదానికన్నా జానెడు ఎక్కువ జారింది. కారు రోడ్డుపక్క కడ్డీకి ఒరుసుకుని వేగం తగ్గింది. పిల్ల గీత దాటింది. అతను దాని వెనకే దాటాడు.

నిజంగా ఓడిపోయాడు. అన్ని ఆదివారాల్లోకీ నిఖార్సైన ఓటమి అదే. రొప్పుతూ నవ్వుతూ దానివంక తిరిగి, "గెలిచావే గిలక్కాయా!" అన్నాడు.

పిల్ల అతని ముఖాన్ని పరీక్షించింది. కళ్ళు, నోరు, చెమట పట్టిన నుదురు, ఒక్కొక్కటీ చూసింది.

"కావాలనే కదూ?"

"కాదమ్మా. ఒట్టు. జారిపోయింది."

"ఆఖరి మలుపులోనే జారిందా?"

"నిజంగా జారింది తల్లీ."

"ఊఁ" అంది. ఆ "ఊఁ" అతను ఎరిగిందే. నమ్మలేదు. నమ్మించడానికి అతని దగ్గర ఇంకేముంది? ఒట్టు అయిపోయింది, నిజం అయిపోయింది. ఇంకో ఆట ఆడి గెలిస్తే, అందుకే ఇందాక ఓడావంటుంది. ఓడితే చెప్పనే అక్కర్లేదు.

ఆరు కొట్టకముందే తల్లి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు, కొత్త కళ్ళజోడు తీసి కొంగుతోనో రుమాలుతోనో తుడుచుకుంటూ అటు తిరిగి నుంచుంది. పిల్ల సంచీ భుజానికి తగిలించుకుంది. అక్కయ్య ఎక్కడినుంచో వచ్చి దాని తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

"జాగ్రత్తగా వెళ్ళాలి. దిగగానే ఫోను చేస్తే..." అన్నాడు డ్రైవరు, ఎవరితోనో తేలకుండా, ఇద్దరికీ కలిపి.

పిల్ల నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, అతని నడుముని రెండుచేతులా చుట్టి గట్టిగా ఒక్కసారి నొక్కి వదిలేసింది. ముఖం చూపించలేదు. కదిలే మెట్ల మీద తల్లి పక్కన నిలబడి కిందికి దిగిపోయింది. ముందు కాళ్ళు, తర్వాత సంచీ, ఆఖరికి జడ కనబడకుండా పోయాయి.

సోమవారం అతను డిపోలో డ్యూటీలు వేసే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, ఇకనుంచి ఆదివారం మధ్యాహ్నం షిఫ్టు తనకి వెయ్యమన్నాడు. గుమాస్తా పెన్ను ఆపి, "ఆదివారం వద్దు, ఆదివారం వద్దని రెండేళ్ళు నా ప్రాణం తీశావు కదయ్యా!" అన్నాడు. ఇంకేదో అనబోయి, అతని ముఖం చూసి, రాసుకున్నాడు.

ఆదివారం బండి కిటకిటలాడింది. పెళ్ళాంబిడ్డలతో బయల్దేరినవాళ్ళు, బెలూన్లు, మడిచిన పసిపిల్లల చక్రాల బళ్ళు. ఫోన్లు డ్రైవరు సీటు వెనక చిన్న ఇనప అరలో పెట్టి తాళం వేయాలి, అది రూలు. ఐదుంపావుకి, రెండు స్టాపుల మధ్య, ఆ అరలో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆ వేళప్పుడు అతనికి ఫోను చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఇనపరేకు మీద ఫోను గడగడమని అదురుతోంది. వెనక అరవైమంది. పక్కకి ఆపుదామంటే ఆపే చోటు లేదు. ఉన్నా ఆపకూడదు.

"గురూ, నీదే మోగుతోంది" అన్నాడు కండక్టరు.

"తెలుసు."

మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది.

ఆఖరి స్టాపులో జనమంతా దిగేదాకా కూర్చుని, తాళం తీశాడు. కూతురే. రెండుసార్లు. తిరిగి చేశాడు. మోగుతోంది. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఈసారి తల్లి ఎత్తింది. ఇప్పుడే కింద పిల్లలెవరో పిలిస్తే ఆడుకోవడానికి వెళ్ళిందని, ఫోను ఇక్కడే వదిలేసిందని, మీరు ఎత్తలేదని కాస్త చిన్నబుచ్చుకుందని చెప్పింది.

"బండిలో ఉన్నానని చెప్తే..." అన్నాడు.

"చెప్తాను" అందామె. "ఏం చెప్దామని చేసిందో మరి నాకు చెప్పలేదు."

తిరుగుప్రయాణానికి ఏడు నిమిషాలుంది. అతను ఫోను చేతిలో పట్టుకుని, బండి నీడలో నిలబడ్డాడు. జనం ఎక్కడం మొదలైంది. ఒక ముసలావిడ ఫుట్‌బోర్డు ఎత్తుకి కాలు అందక అవస్థపడుతుంటే, వెళ్ళి మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఏడు నిమిషాలూ అయ్యాయి. కండక్టరు విజిల్ వేశాడు. డ్రైవరు ఫోను అరలో పెట్టి, తాళం వేసి, సీట్లోకి ఎక్కాడు.